ముందు కాగితం, తర్వాత ఇనుము, చివర డబ్బు



ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ పూట మనం మాట్లాడుకోబోయేది తుపాకి గురించి. కంగారు పడకండి. గొడవల తుపాకి కాదు, సరదా తుపాకి. సింగిల్ యాక్షన్ రివాల్వర్. సినిమాల్లో కౌబాయ్‌ల నడుముకి వేలాడుతుందే, అది. పాతది, చవకలో, సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కోవచ్చా? కొంటే ఏం చూసుకోవాలి? ఇదీ విషయం.

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. ఇక్కడ మనవాళ్ళు ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు, కంపెనీల్లో పనిచేస్తున్నారు, యూనివర్సిటీలో చదువుకుంటున్నారు. వాళ్ళ పక్క సీట్లో కూర్చునేది ఐరిష్ రైతు బిడ్డ. నవంబరు వచ్చిందంటే అతను కుక్కని వెంటేసుకుని నెమలిజాతి పిట్ట ఫెజెంట్ వేటకి పోతాడు. వాళ్ళింట్లో షాట్‌గన్ ఉంటుంది. అది చూసి మన కుర్రాడికి మనసు లాగుతుంది. కానీ మనవాడికి షాట్‌గన్ మీద మోజు లేదు. మోజంతా రివాల్వర్ మీదే.

ఆ మోజు ఎక్కడిదో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 1971లో కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు వచ్చింది. ఆరుద్ర గారు రాశారు, కె.ఎస్.ఆర్. దాస్ గారు తీశారు. రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు పరిగెత్తాయి. ఆ తర్వాత 1990లో చిరంజీవి గారి కొదమసింహం. 2002లో మహేష్ బాబు టక్కరి దొంగ. తాత, తండ్రి, కొడుకు, మూడు తరాలూ అదే రివాల్వర్‌ని చూసి ఈల వేశాయి. కాబట్టి కుర్రాణ్ణి తప్పు పట్టలేం.

అయితే ఒక్క మాట. ఈ ప్రసంగమంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పాత తుపాకి కొనేటప్పుడు ముందు కాగితం చూడాలి. తర్వాత ఇనుము చూడాలి. డబ్బు సంగతి చివర. మళ్ళీ చెప్తాను. ముందు కాగితం, తర్వాత ఇనుము, చివర డబ్బు. మనలో చాలామంది దీన్ని తిరగేస్తారు. ముందు ధర అడుగుతారు. చవగ్గా ఉందనగానే చేయి జేబులోకి పోతుంది. కాగితం సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ముందు అసలు ఈ వస్తువు ఏమిటో చూద్దాం. రివాల్వర్ మధ్యలో గుండ్రటి దిమ్మ ఉంటుంది. దాన్ని సిలిండర్ అంటాం. దాంట్లో మామూలుగా ఆరు గదులు. గదికో తూటా. వెనకాల చిన్న సుత్తి లాంటిది ఉంటుంది, అది హ్యామర్. సింగిల్ యాక్షన్‌లో ఆ హ్యామర్‌ని ప్రతిసారీ బొటనవేలితో మనమే వెనక్కి లాగాలి. లాగగానే సిలిండర్ ఒక గది తిరుగుతుంది. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడుతుంది, తూటా పేలుతుంది. మళ్ళీ పేల్చాలంటే మళ్ళీ లాగాలి. అంతే. యంత్రం చాలా సాదా. అందుకే నూట యాభై ఏళ్ళ నాటి కోల్ట్ నమూనా ఈ రోజుకీ తయారవుతోంది. అమెరికా సైన్యం దాన్ని తీసుకున్నది 1873లో. ఇప్పుడు ఇటలీలో దానికి నకళ్ళు చేస్తున్నారు, అమెరికాలోనూ చేస్తున్నారు.

ఈ ఊరికీ ఆ కాలానికీ ఒక చుట్టరికం ఉంది. వాటర్‌ఫోర్డ్‌లో మాల్ అనే వీధి ఉంది. అక్కడ గుర్రం మీద కూర్చుని కత్తి ఎత్తిన విగ్రహం ఒకటి కనిపిస్తుంది. థామస్ ఫ్రాన్సిస్ మెహర్. ఈ ఊళ్ళోనే 1823లో పుట్టాడు. ఐర్లండ్ మూడు రంగుల జెండాని 1848 మార్చి 7న ఇదే వీధిలోని 33వ నంబరు ఇంటి నుంచి మొదటిసారి ఎగరేశాడు. తర్వాత అమెరికా చేరి, అక్కడి అంతర్యుద్ధంలో ఐరిష్ బ్రిగేడ్‌ని నడిపించాడు. ఆ యుద్ధంలో అధికారుల నడుముకి ఎక్కువగా ఉండేవి ఈ జాతి రివాల్వర్లే. అలా చూస్తే సింగిల్ యాక్షన్ కథలో వాటర్‌ఫోర్డ్ వాడికీ ఒక పాత్ర ఉన్నట్టే.

కానీ విగ్రహం వేరు, వ్యవహారం వేరు. ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం.

మన ఊళ్ళో పొలం కొనేటప్పుడు ఏం చేస్తాం? ఎకరం ఎంత అని అడుగుతాం, సరే. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు చూస్తాం. పాస్‌బుక్కు ఎవరి పేరున ఉందో చూస్తాం. అది మన పేరుకి మారుతుందా లేదా అని పెద్దమనిషిని అడుగుతాం. పేరు మారని పొలం ఎంత చవకైనా ఎవడూ కొనడు. తుపాకీ అంతే. అది మన పేరు మీదకి ఎక్కుతుందా? ఇదే మొదటి ప్రశ్న. ధర కాదు.

ఐర్లండ్‌లో ఈ ప్రశ్నకి జవాబు ఏమిటి? నిక్కచ్చిగా చెప్తాను. కౌబాయ్ రివాల్వర్ కొత్తవాళ్ళ పేరు మీద ఎక్కదు. మీ దగ్గర ఎంత డబ్బున్నా ఎక్కదు. మీరెంత మంచివాళ్ళయినా ఎక్కదు.

ఎందుకో వినండి. ఇక్కడ తుపాకుల మూల చట్టం 1925 నాటిది. దాన్ని తర్వాత చాలాసార్లు సవరించారు. 1972లో ఉత్తర ఐర్లండ్‌లో అల్లర్లు మండుతున్నాయి. అప్పుడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పిస్తోళ్ళు, రివాల్వర్లు, పెద్ద రైఫిళ్ళు ఉన్నవాళ్ళంతా వాటిని తెచ్చి పోలీసులకి అప్పగించాలి అని. కొద్ది రోజుల కోసమే అన్నారు. ఆ కొద్ది రోజులు ముప్ఫై ఏళ్ళు దాటాయి. మనవాళ్ళు థియేటర్లో కృష్ణ గారి తుపాకి చూసి చప్పట్లు కొట్టిన మరుసటి ఏడే ఇక్కడివాళ్ళు తమ తుపాకులు స్టేషన్లో పెట్టి ఇంటికొచ్చారన్నమాట.

2004లో కోర్టు కేసుల తర్వాత చేతి తుపాకులకి మళ్ళీ లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళలో అవి సుమారు 1,800 దాకా పెరిగాయి. ప్రభుత్వానికి గుబులు పుట్టింది. 2009లో కొత్త చట్టం తెచ్చారు. అందులో ఒక తేదీ పెట్టారు. 2008 నవంబరు 19. ఆ తేదీకి ఎవరికి లైసెన్సు ఉందో వాళ్ళు కొనసాగించుకోవచ్చు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఆ రకం చేతి తుపాకి లైసెన్సు కొత్తగా ఇవ్వరు. మనలో చాలామందిమి ఆ తర్వాత వచ్చినవాళ్ళమే. ఒకవేళ అంతకు ముందే ఐర్లండ్‌లో దిగినా, ఆ రోజుకి చేతిలో లైసెన్సు లేకపోతే లెక్కలోకి రారు.

అందుకే చెప్తున్నా. ఎవరైనా మీ దగ్గరికొచ్చి, మా పెద్దాయన దగ్గర పాత రివాల్వర్ ఉంది, రెండొందలిస్తే చాలు అన్నాడనుకోండి. అది చవక కాదు. అది కేసు. బెల్‌ఫాస్ట్‌లో మా ఫ్రెండుకి ఉంది కదా అంటారు ఇంకొందరు. బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లండ్. అక్కడ చట్టం వేరు, లైసెన్సు వేరు. అక్కడి కాగితం ఇక్కడ చెల్లదు. డల్లాస్‌లో బావగారికి ఉంది, వచ్చేటప్పుడు తెస్తాడు అనే మాట అసలు నోట రానీయకండి. ఇది పురాతన వస్తువు, దీనికి లైసెన్సు అక్కర్లేదు అని అమ్మేవాడు చెప్తే, ఆ మాట అమ్మేవాడి నోట కాదు, పోలీసు స్టేషన్లో వినండి. అది కూడా కాగితం మీద.

మరి బొమ్మ తుపాకి? ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ ఉంది. దాని శక్తి ఒక జూల్ దాటకపోతే ఇక్కడి చట్టం దాన్ని తుపాకిగా లెక్కించదు. కౌబాయ్ ఆకారం కావాలంటే అందులోనే దొరుకుతుంది. కానీ నిజం తుపాకిలా కనిపించేదాన్ని సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో పట్టుకు తిరిగితే నేరం. బర్త్‌డే పార్టీ వీడియో కోసం రేవు గట్టు మీద దాన్ని తిప్పుతూ నడిచారనుకోండి. చూసినవాళ్ళకి అది బొమ్మ అని తెలియదు. ఫోన్ చేస్తారు. ఆయుధాలతో పోలీసులు దిగుతారు. కాబట్టి బొమ్మ అయినా ఇంటి గోడల మధ్యే ఉండాలి.

అయితే ఇక ఆశ లేదా? ఉంది. చేతి తుపాకిలో రెండు దారులు తెరిచి ఉన్నాయి. ఆ రెండూ మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన దారులే.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గుర్తుంది కదా. 2023లో చైనాలో, హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ అమ్మాయి నాలుగు పతకాలు తెచ్చింది. 25 మీటర్ల పిస్తోల్‌లో జట్టుకి బంగారం, తనకి వెండి. 10 మీటర్ల ఎయిర్ పిస్తోల్‌లో జట్టుకి వెండి, తనకి వెండి. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌కి కూడా వెళ్ళింది. ఆ అమ్మాయి చేతిలో రెండు రకాల పిస్తోళ్ళు ఉంటాయి. ఒకటి గాలితో పేలేది, 4.5 మిల్లీమీటర్ల గుండు. రెండోది పాయింట్ 22 తూటా పేల్చేది. ఐర్లండ్ చట్టం మామూలు పౌరులకి తలుపు తెరిచి ఉంచింది సరిగ్గా ఈ రెండు రకాలకే. ఒలింపిక్ పోటీల కోసం తయారైన పిస్తోళ్ళన్నమాట. పాయింట్ 22 అయితే గొట్టం 10 సెంటీమీటర్లు దాటి ఉండాలి. ఐదు తూటాలకి మించి పట్టకూడదు. ఆరు గదుల కౌబాయ్ రివాల్వర్ పాయింట్ 22ది అయినా అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి వాటర్‌ఫోర్డ్‌లో తక్కువ డబ్బుతో చేతి తుపాకి సరదా తీర్చుకోవాలంటే దారి ఇది. సెకండ్‌హ్యాండ్ ఎయిర్ పిస్తోల్. లేదా సెకండ్‌హ్యాండ్ పాయింట్ 22 పోటీ పిస్తోల్. గాలి పిస్తోలే కదా అనుకోకండి. ఐర్లండ్‌లో దానికీ లైసెన్సు కావాలి.

ఆ లైసెన్సు ఎలా? నెమ్మదిగా చెప్తాను.

ముందు షూటింగ్ క్లబ్బు. లక్ష్యాన్ని కొట్టే ఆటకి పిస్తోల్ కావాలంటే అనుమతి ఉన్న క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. కాబట్టి తుపాకి కొట్టుకి వెళ్ళేముందు క్లబ్బుకి వెళ్ళండి. వాళ్ళ ఆట చూడండి. నేర్పేవాళ్ళతో మాట్లాడండి. భద్రత శిక్షణ తీసుకోండి. మీకు తుపాకి పట్టడం వచ్చని చూపించే కాగితం అక్కడే పుడుతుంది. పైగా పాత పిస్తోళ్ళు ఎవరు అమ్ముతున్నారో, ఏది మంచిదో, ఏది డొక్కుదో వాళ్ళకే తెలుసు.

తర్వాత దరఖాస్తు. దాని పేరు ఎఫ్‌సీఏ 1. అది నింపి మీ ప్రాంతపు గార్డా స్టేషన్లో, అంటే పోలీసు స్టేషన్లో, ఇవ్వాలి. నగరంలో చాలామందికి అది బాలీబ్రికెన్ స్టేషన్. ఆ ఫారంలో ఏం అడుగుతారు? మీకు తుపాకి ఎందుకు కావాలి అని అడుగుతారు. సరదాగా ఉంది అంటే చాలదు. క్లబ్బు సభ్యత్వం కారణం. మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు అడుగుతారు. మీ డాక్టరు వివరాలు అడుగుతారు. మీ ఆరోగ్యం గురించి ఆ డాక్టర్ని విచారించడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. తుపాకి ఎక్కడ దాస్తారో చెప్పాలి. వచ్చి చూస్తారు కూడా.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటి. లైసెన్సు మనిషికి గంపగుత్తగా ఇవ్వరు. ఫలానా తుపాకికి, ఫలానా నంబరుకి ఇస్తారు. అంటే కొనబోయే తుపాకి ఏదో ముందే ఎంచుకోవాలి. కానీ లైసెన్సు చేతికి వచ్చేదాకా దాన్ని ఇంటికి తేకూడదు. అది డీలరు దగ్గరే ఉంటుంది. ఇదే చాలామంది తడబడే చోటు. డీలరుతో ముందే మాట్లాడుకోండి. అడ్వాన్సు ఎంత? లైసెన్సు రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఇస్తారా? ఎంతకాలం ఆపి ఉంచుతారు? ఈ మూడూ రాయించుకోండి. నోటిమాట మీద పోవద్దు.

స్టేషన్‌వాళ్ళకి మూడు నెలల గడువు ఉంటుంది. ఒప్పుకుంటే 80 యూరోలు కట్టాలి. అది మూడేళ్ళకి. అంటే నెలకి రెండు యూరోల పైచిలుకు. కాదంటే 30 రోజుల్లోపల జిల్లా కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు.

ఇదంతా వింటే కొందరికి విసుగు రావచ్చు. మన దేశంలో మాత్రం తక్కువా? అక్కడా 1959 ఆయుధాల చట్టం ఉంది. కలెక్టరాఫీసు చుట్టూ, కమిషనరాఫీసు చుట్టూ తిరగాలి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకుల్ని చాలావరకు స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషికి రెండే తుపాకులు. కాబట్టి కాగితం మనకి కొత్త కాదు.

సరే. కాగితం అయింది. ఇప్పుడు ఇనుము.

ఇక్కడ నా మాటలు రెండు రకాల శ్రోతలకి. ఐర్లండ్‌లో ఎయిర్ పిస్తోల్ కొనేవాళ్ళు ఒకరు. అమెరికాలో, చట్టం ఒప్పుకునే రాష్ట్రాల్లో ఉండి, నిజంగానే సింగిల్ యాక్షన్ రివాల్వర్ కొనగలిగిన మన బంధువులు ఇంకొకరు. ముందు అమెరికావాళ్ళకి చెప్తాను.

టెక్సస్‌లో ఉన్న తమ్ముడూ, విను. పాత రివాల్వర్ చేతికిచ్చారనుకో. మొదటి పని, అది ఖాళీయా కాదా నువ్వే చూడాలి. అమ్మేవాడు ఖాళీ అన్నాడని నమ్మొద్దు. గొట్టం మనుషుల వైపు లేకుండా పట్టుకో. పక్కనున్న చిన్న తలుపు తెరిచి, ఒక్కో గదీ తిప్పుతూ ఆరు గదులూ కళ్ళతో చూడు. ఆ తర్వాత ఇంకోసారి చూడు.

ఇప్పుడు అమ్మేవాడి అనుమతి తీసుకుని హ్యామర్‌ని నెమ్మదిగా పూర్తిగా వెనక్కి లాగు. సిలిండర్ తిరిగి ఒక చోట టక్కున ఆగాలి. అప్పుడు సిలిండర్‌ని రెండు వేళ్ళతో పక్కలకి కదిపి చూడు. ఆరు గదులకీ ఇలాగే చెయ్యాలి. కొద్దిగా కదలడం మామూలే. లొడలొడలాడితే మాత్రం లోపలి భాగాలు అరిగాయని అర్థం. గది గొట్టానికి ఎదురుగా సరిగ్గా నిలబడకపోతే గుండు అంచుని ఒరుసుకుంటూ పోతుంది. సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి. పేల్చేవాడికీ పక్కవాడికీ ప్రమాదం.

తర్వాత సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు చూడు. దీపం వెలుగులో పట్టుకుంటే సన్నటి గీతలా కనిపిస్తుంది. ఆఫీసుల్లో వాడే తెల్లకాగితం ఒకటి దూరితే మామూలు. మూడు కలిపి దూరాయంటే అనుమానించు.

హ్యామర్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, బొటనవేలితో హ్యామర్‌ని వెనక నుంచి ముందుకి నొక్కి చూడు. గట్టిగా నిలబడాలి. జారి పడిపోతే ఆ తుపాకిని అక్కడే పెట్టేసి వచ్చెయ్. అది అరిగిపోయి ఉండాలి. లేదా ఎవడో ట్రిగ్గర్ మెత్తబడాలని లోపల ఆకురాయితో రాసి ఉండాలి. రెండూ ప్రమాదమే.

గొట్టంలోకి లైటు వేసి చూడు. లోపల గాడులు స్పష్టంగా మెలి తిరుగుతూ కనిపించాలి. తుప్పు గుంటలు ఉండకూడదు. మధ్యలో నల్లటి ఉంగరంలా కనిపిస్తే, ఎప్పుడో గుండు ఇరుక్కుని గొట్టం ఉబ్బిందన్నమాట. ఇక మరలు చూడు. స్క్రూల తలలు. ఇది చిన్న సంగతే, కానీ చాలా చెప్తుంది. మరల తలలు నలిగిపోయి, గాడి చిరిగిపోయి ఉంటే, చేతకానివాడెవడో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా దాన్ని విప్పాడని అర్థం. పైన మెరుగు కొత్తగా తళతళలాడినా సరే. మెరుగుని నమ్మకు, మరని నమ్ము.

ఇంకొక్కటి. పాత నమూనాలో హ్యామర్ కింద తూటా ఉన్న గది ఉంటే, తుపాకి జారి హ్యామర్ మీద పడినప్పుడు పేలిపోవచ్చు. అందుకే పాతకాలం వాళ్ళు ఐదు గదులే నింపి, హ్యామర్ కింద గదిని ఖాళీగా ఉంచేవాళ్ళు. 1973లో రూగర్ కంపెనీ ఈ ప్రమాదాన్ని ఆపే ఏర్పాటు తెచ్చింది. ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బ తూటాకి అందేలా మధ్యలో ఒక పట్టీ పెట్టింది. తక్కువ డబ్బులో కొనేవాడికి ఇది పెద్ద భరోసా. కొనబోయేది ఏ నమూనాదో తప్పకుండా అడుగు. పాత రకమైతే ఐదే నింపాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఇప్పుడు ఐర్లండ్ శ్రోతలకి. పోటీ ఎయిర్ పిస్తోల్‌లో చాలావాటికి గొట్టం కింద ఒక చిన్న గాలి సిలిండర్ ఉంటుంది. ఇది రివాల్వర్ సిలిండర్ కాదు, గాలి నింపే గొట్టం. దాని మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. ముందు ఆ తేదీ చదవండి. పోటీల నియమాల ప్రకారం ఆ సిలిండర్‌కి గడువు ఉంటుంది, అది పదేళ్ళకి మించదు. గడువు తీరిన సిలిండర్‌తో పోటీలో నిలబడనివ్వరు. పిస్తోల్ చవగ్గా వచ్చిందని సంబరపడి ఇంటికొచ్చాక, కొత్త సిలిండర్ కొనాల్సి వస్తే లెక్క తలకిందులవుతుంది. తర్వాత గాలి కారుతోందా చూడండి. సాయంత్రం నింపి పెట్టమనండి. మర్నాడు పొద్దున మీటరు చూడండి. ముల్లు దిగితే సీళ్ళు పోయాయి. చివరికి పిడి. పోటీ పిస్తోళ్ళ పిడి చెక్కతో, చేతి కొలతకి చేసి ఉంటుంది. ఎడమచేతివాడి పిస్తోల్ కుడిచేతివాడికి పనికిరాదు. పెద్ద చేతి పిడి చిన్న చేతికి పనికిరాదు. చేతిలో పట్టుకోకుండా కొనకండి.

కాగితం అయింది. ఇనుము అయింది. ఇప్పుడు డబ్బు.

తుపాకి ధర మీ ఖర్చులో ఒక ముక్క మాత్రమే. మిగతా ముక్కలు వరసగా చెప్తాను. క్లబ్బు చందా. శిక్షణ. లైసెన్సు 80 యూరోలు. గుండ్లు, లేదా తూటాలు. కళ్ళకీ చెవులకీ రక్షణ. రేంజికి రానుపోను పెట్రోలు. అన్నిటికంటే ముందు, దాచే బీరువా.

ఈ బీరువా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బట్టల బీరువాలో చీరల కింద పెడతానంటే కుదరదు. తుపాకుల కోసమే చేసిన స్టీలు బీరువా ఉంటుంది. బీఎస్ 7558 అనే ప్రమాణం ఉందో లేదో చూసి కొనండి. దాన్ని గోడకి బోల్టులతో బిగించాలి. ఇక్కడ మనలో చాలామందిది అద్దె ఇల్లు. గోడకి కన్నం పెట్టాలంటే ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. అది కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన ఒప్పుకోకపోతే మీ తుపాకి ప్రయాణం అక్కడితో ఆగింది. అందుకే తుపాకి చూడ్డానికి వెళ్ళేముందు ఓనరుకి ఒక ఫోన్ చెయ్యండి. ఇక తాళంచెవి లైసెన్సు ఉన్న మనిషి దగ్గరే ఉండాలి. భార్య దగ్గర కాదు, భర్త దగ్గర కాదు, వచ్చిన అత్తగారి దగ్గర అంతకన్నా కాదు. పిల్లలున్న ఇంట్లో దీనికి రాజీ లేదు.

ఈ ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి ఏడాదికి ఎంతవుతుందో కూడండి. మీరు పెట్టగలిగిన మొత్తంలోంచి అది తీసేయండి. మిగిలిందే తుపాకి కోసం. ఏమీ మిగలకపోతే ఈ ఏడు క్లబ్బు చందా మాత్రం కట్టండి. క్లబ్బు తుపాకులతో సాధన చేసే వీలుంటే అడగండి. ఆట ముందు వంటబట్టనివ్వండి. వచ్చే ఏటికి మీకేం కావాలో మీకే తెలుస్తుంది. ఏం కావాలో తెలియకుండా కొన్న చవక వస్తువు కంటే ఖరీదైనది ఇంకొకటి లేదు.

శ్రోతలారా, ముగిస్తున్నాను. ముందు కాగితం. అది మన పేరు మీదకి ఎక్కుతుందా? ఐర్లండ్‌లో కౌబాయ్ రివాల్వర్ ఎక్కదు. ఒలింపిక్ రకం ఎయిర్ పిస్తోల్, పాయింట్ 22 పిస్తోల్ ఎక్కవచ్చు. తర్వాత ఇనుము. కళ్ళతో చూడండి, వేళ్ళతో కదపండి, తేదీ చదవండి. చివర డబ్బు. తుపాకి ధర ఒక్కటే కాదు, బీరువా నుంచి పెట్రోలు దాకా కూడండి.

వాటర్‌ఫోర్డ్‌లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా మనవి ఒక్కటే. ఈ వారాంతం ఏ అమ్మకపు ప్రకటనకీ ఫోన్ చెయ్యకండి. ముందు ఒక క్లబ్బుకి ఫోన్ చెయ్యండి. తర్వాత ఇంటి ఓనరుకి చెయ్యండి. ఆ తర్వాత బాలీబ్రికెన్ స్టేషన్‌కి వెళ్ళి ఎఫ్‌సీఏ 1 ఫారం అడగండి. ఏ సందేహమున్నా అక్కడే తీర్చుకోండి. ఆ మూడూ అయ్యాకే ధర అడగండి.